యుద్ధమునకు బీజమెక్కడ?

మహాయుద్ధమునకు కారణమేమని అడిగినచో లోకము చివరి ఘటనను చూపును. పల్నాటి యుద్ధమునకు కోడిపందెమందురు. 1914 నాటి ప్రపంచయుద్ధమునకు సెరాయెవోలో జరిగిన ఆస్ట్రియా యువరాజు హత్యయందురు. నిప్పురవ్వ పడినమాట నిజమే. కాని గడ్డివామి పేర్చినదెవరు? ధర్మజిజ్ఞాసువులు అడుగవలసిన ప్రశ్న ఇది.

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములు పూర్వము వెలనాటి సీమలోనివి. రేపల్లెకు సమీపమునగల చందవోలు వెలనాటి చోడులకు రాజధాని. ఆ యింటి ఆడుబిడ్డ మైలమదేవిని హైహయుడగు అనుగురాజు పరిణయమాడి, పల్నాటిని అరణముగా పొందెనని వీరగాథలు చెప్పుచున్నవి. అతని అనంతరము మైలమదేవి కుమారుడు నలగామరాజు గురజాలలోను, సవతితమ్ముడు మలిదేవుడు మాచెర్లలోను పాలించిరి. అచట నాయకురాలు నాగమ్మ, ఇచట చెన్నకేశవుని పరమభక్తుడగు బ్రహ్మనాయుడు మంత్రాంగము నడపిరి.

బ్రహ్మనాయుడు సర్వకులములవారిని ఒక్క పంక్తిని కూర్చుండబెట్టి చాపకూడు కుడిపించిన మహనీయుడు. అయినను విచారింపక తప్పదు: రాజ్యమును కోడిపందెమున ఒడ్డుట ధర్మమా? నాగమ్మ మాయచేసి గెలిచెనని కథ. మాయ ఎదుటివారిది కావచ్చును. పందెమునకు అంగీకారము తనదే. శకుని కపటము ధర్మరాజు జూదదోషమును తుడిచివేయలేదు కదా!

ఏడేండ్ల ప్రవాసము ముగిసిన పిదప రాజ్యభాగము నడుగుటకై రాయబారమేగిన అలరాజు విషప్రయోగమున మరణించెను. రాయబారితోపాటు సంధియు మరణించెను. పొరుగురాజులు సామము చెప్పుటకు మారుగా సేనలను పంపిరి. 1182 ప్రాంతమున కారెంపూడిలో అన్నదమ్ములు పోరిరి. బ్రహ్మనాయుని కుమారుడు బాలచంద్రుడు నేలకొరగెను. శోకతప్తుడగు తండ్రి గుత్తికొండ బిలమును చేరెనందురు. ఆ పోరుతో వెలనాటి బలమును క్షీణించెనని చరిత్రకారులు తలంతురు. 13వ శతాబ్ది ఆరంభమున కాకతి గణపతిదేవుడు ఆ సీమను వశపరచుకొనెను. ఇక గెలిచినదెవరు?

1914లోను ఇట్లే జరిగినది. జూన్ 28న హత్య జరుగగా, ఆరు వారములలోపల జర్మనీ, రష్యా, ఫ్రాన్సు, బ్రిటను రణమున దిగినవి. ప్రతి రాజ్యమును తన మిత్రుని వారించుటకు బదులు వెన్నుతట్టినది; ప్రతి రాజ్యమును తనది ఆత్మరక్షణయే యనినది.

ధర్మము మనవైపున నున్నదను నమ్మకము సంధిని విడనాడుటకు అనుమతిపత్రము కాదు. పాండవుల పక్షము న్యాయమని శ్రీకృష్ణపరమాత్మకు తెలియదా? సుయోధనుడు వినడని తెలియదా? అయినను స్వయముగా హస్తినకేగి, కడపట అయిదూళ్లైనను చాలునని అడిగెను. ప్రయత్నలోపము తమవైపున ఉండరాదనియే ఆ రాయబారము.

గృహస్థులకును ఇదియే పాఠము. పొలముగట్టు తగవున అన్నదమ్ములు మాటలు మానిననాడు, ఇరువైపుల బంధువులు ఆజ్యము పోయకుందురుగాక! తన వారిని మందలించుటయే నిజమైన మైత్రి. బాపట్లలో వెలసిన భావనారాయణస్వామి మనకట్టి ధైర్యమును ప్రసాదించుగాక!