అందరిదీ అయినది ఎవరిది?

"ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చింది" అని మన పెద్దలు చెప్పే సామెత. అందరిదీ అయినదానికి ఎవరూ మేత వేయరని దాని భావము. వీధిలోని తోట, పిల్లలు ఆడుకొనే మైదానము, ఊరి చెరువుగట్టు ఇట్టి ఉమ్మడి సొత్తులే. ఇవి పాడైతే బాగుచేయవలసిన బాధ్యత ఎవరిది? ప్రభుత్వానిదా, అక్కడ నివసించేవారిదా, లేక ఊరు విడిచి వచ్చి వేరే పట్టణములలో స్థిరపడిన మనకు కూడా అందులో పాలు ఉన్నదా? కోలారు గోల్డు ఫీల్డ్సును మనస్సులో ఉంచుకొని ఈ ప్రశ్నను ఆలోచించుదము.

1880లో జాన్ టేలర్ కంపెనీ గనుల పని చేపట్టిన తరువాత చిత్తూరు, ఉత్తర ఆర్కాటు ప్రాంతముల నుండి అనేకులు కూలికి అక్కడికి వెళ్ళారు. 1902లో శివసముద్రము నుండి కరెంటు వచ్చినది. దొరల బంగళాలకు పూలతోటలు, క్లబ్బు, గోల్ఫు మైదానము ఉండేవి. కూలి లైన్లలో తడికెల ఇండ్లు ఉండేవి. "చిన్న ఇంగ్లండు" అనే పేరు ఆ బంగళాల వలన వచ్చినదే గాని మన లైన్ల వలన కాదు. కనుక పాత తోటలు మరల పచ్చబడాలని కోరేటప్పుడు, ఆ తోటలలో మనవారికి ఎంత చోటు ఉండేదో కూడా జ్ఞాపకము చేసికొనవలెను.

నీరు, దీపాలు, పారిశుధ్యము అన్నీ కంపెనీయే చూచేది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడినవి. తోటమాలికి జీతమిచ్చే చేయి లేకపోయినది. ఒకరు దయతో ఇచ్చినది ఆ ఒకరు పోగానే పోయినది. గాలి వీచే నెలలలో సైనైడు దిబ్బల దుమ్ము ఇండ్లమీద పడే ఊరిలో, నీడనిచ్చే చెట్టు విలాసము కాదు, అవసరము.

అయితే ఉమ్మడి సొత్తును కాపాడుకొనే పద్ధతి ఆ సీమకు కొత్తది కాదు. ఏడాది పొడవునా పారే నది లేని కోలారు జిల్లాలో, చిక్కబళ్ళాపురము 2007లో వేరుపడక మునుపు, నాలుగు వేలకు పైగా చెరువులు ఉండేవి. తూము తెరచి, వంతు ప్రకారము మళ్ళకు నీరు పెట్టే నీరుగంటి ఊరూరా ఉండేవాడు. చాలా ఊళ్ళలో ఆయన దళిత కుటుంబమువాడే. పంట నూర్చినప్పుడు రైతులు ఆయన పాలు ధాన్యము కొలిచేవారు. ఎండాకాలములో పూడిక తీసి, ఆ మన్ను పొలములకు తోలుకొనేవారు. బోరుబావులు వచ్చిన తరువాత చెరువుతో పని తగ్గినది, నీరుగంటికి కొలిచే ధాన్యము ఆగినది, చెరువులు పూడినవి. 2018 నుండి బెంగళూరులో శుద్ధి చేసిన మురుగునీరు కె.సి. వ్యాలీ పథకము ద్వారా కోలారు చెరువులకు వస్తున్నది. నీరు వచ్చినంత మాత్రాన కాపరి రాడు.

గనులు మూతపడిన తరువాత మనవారు అనేకులు తెల్లవారకముందే మారికుప్పములో రైలెక్కి బెంగళూరు పనులకు పోతున్నారు. ఆ బెంగళూరులోనే, జె.పి. నగరు వైపు, పుట్టేనహళ్ళి అనే చిన్న చెరువున్నది. విస్తీర్ణము సుమారు 13 ఎకరాలు. అది ఎండి చెత్తతో నిండినప్పుడు, దగ్గరలో నివసించే రచయిత్రి ఉషా రాజగోపాలన్, మరికొందరు ఇరుగుపొరుగు కలిసి 2010లో ఒక ట్రస్టు పెట్టుకొన్నారు. 2011లో నగరపాలక సంస్థతో ఒప్పందము చేసికొని దాని సంరక్షణ చేపట్టారు. చెట్లు నాటారు, చందాలు పోగుచేసి పనివారికి జీతాలిచ్చారు. పక్షులు తిరిగి వచ్చినవి.

ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరము ఉన్నది. వేకువన పోయి రాత్రికి ఇల్లు చేరేవారిని, ఆదివారము కూడా తోట ఊడ్వమనుట ధర్మమా? పన్ను కట్టినవారే పని కూడా చేస్తే, చేయవలసిన అధికారులు తప్పించుకొనరా? ఈ మాట తోసివేయదగినది కాదు. కాని నీరుగంటిని చూడండి. ఆయన ఉచితముగా పనిచేయలేదు. ఉమ్మడి సొత్తు బ్రతకాలంటే అందరూ చీపురు పట్టనవసరము లేదు. దానికి ఒక కాపరి ఉండాలి, ఆ కాపరికి కూలి ముట్టాలి, ఆ కూలిలో అందరి పాలు ఉండాలి. ఆ పాలు ఇచ్చినవారు మునిసిపాలిటీ గుమ్మము ముందు నిలిచి ధైర్యముగా అడుగగలరు.

మరొక జాగ్రత్త కూడా అవసరము. బాగుచేసినవారు గేటుకు తాళము వేసి, మేకలవానిని, లైన్ల పిల్లలను బయట నిలిపితే దొరల తోట మరల వచ్చినట్లే. నీరుగంటి పారించిన నీటితో పండే భూమి చాలాసార్లు ఆయనది కాదు. ఆ అన్యాయమును మనము తిరిగి నాటకూడదు.

ఇక దూరమున స్థిరపడిన మన సంగతి. మనము ఊరికి ఏదైనా చేయదలచినప్పుడు ముందుగా తోచేది ఆర్చి, రాతిపలక, దానిమీద పేర్లు. పలకకు నీరు పోయనక్కరలేదు. మొక్కకు ప్రతిదినము పోయాలి. కనుక మన పాలు ఒక తోటమాలి నెల జీతముగా, ఏటేటా తప్పక పోవలెను. ఏ చెట్టు నాటవలెనో, గేటు ఎప్పుడు తెరవవలెనో అక్కడ నివసించేవారే నిర్ణయించవలెను. పంపే చేయి మనదైనంత మాత్రాన పెత్తనము మనది కాదు. ఈ సంగతి మన కూడికలలో మాట్లాడుకొని, ఏ వీధికి, ఏ తోటకు, నెలకు ఎంత అనేది అక్కడివారినే అడిగి తెలిసికొందము.