ఇంటి నీటి శుద్ధి, ఊరి నీటి ధర్మం

పటాన్‌చెరు, సంగారెడ్డి ప్రాంతంలో నల్లా నీటి నుంచి ఫ్లోరైడ్‌ను తొలగించుకోవడం పైకి ఆరోగ్య విషయంగానే కనిపించినా, శుద్ధి ఎవరికోసం అనే ధర్మప్రశ్న అందులో ఇమిడి ఉంది. ఇక్కడి నేల కింది గ్రానైట్ శిలల్లోని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ కరిగి బోరు నీటిలో చేరుతుంది, లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీటిని చిన్నతనంలో ఏళ్ల తరబడి తాగితే పళ్లు గారకడతాయి, మోతాదు ఇంకా పెరిగితే ఎముకలు, కీళ్లు బిగుసుకుపోతాయి. రంగూ వాసనా లేని ఈ దోషం మరిగిస్తే పోదు సరికదా, నీరు ఆవిరైన కొద్దీ చిక్కబడుతుంది. మడినీళ్ల బిందెను ఎంత తోమినా, నీటిని ఎంత వడగట్టినా అది అలాగే ఉంటుంది కనుక, స్పర్శను బట్టి నిర్ణయించే ఆచారశౌచం దాన్ని పట్టుకోలేదు.

నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధనా సంస్థ రూపొందించిన నల్లగొండ పద్ధతిలో పటికను, సున్నాన్ని కలిపి నీటిని చిలికితే, దూదిపింజల్లాంటి ముద్దలు ఏర్పడి ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుగుకు దిగుతాయి. నేడు ఇళ్లలో ఎక్కువగా ఉన్నది రివర్స్ ఆస్మాసిస్, అంటే నీటిని ఒత్తిడితో అతి సన్నని పొర గుండా నెట్టి లవణాలను వెనక్కి నిలిపే విధానం. అందులో ఒక లీటరు మంచినీటికి తరచుగా రెండు మూడు లీటర్ల నీరు సన్నని గొట్టం గుండా సింకులోకి పోతుంది. తొలగిన ఫ్లోరైడ్ నశించదు. ఒక ఇంటిని వదిలి మురుగుకాల్వకు చేరుతుంది.

మలినాన్ని తన గడప దాటించి అంతటితో బాధ్యత తీరిందనుకోవడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. పరిశ్రమల వ్యర్థజలాలు మంజీరా నదిలో కలిసే నక్కవాగును విషపూరితం చేయగా, 1990లో ఆ వివాదం సుప్రీంకోర్టుకు చేరింది. ఇక్కడి పరిశ్రమల ఉమ్మడి వ్యర్థజల శుద్ధి కేంద్రం నుంచి వెలువడే నీటిలో సిప్రోఫ్లాక్ససిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు వెల్లడించారు. అయితే గృహస్థును, కర్మాగారాన్ని ఒకే తక్కెడలో తూచడం అన్యాయం: మొదటివాడు నేల ఇచ్చినదాన్నే నేలకు వదులుతున్నాడు, రెండోది నేలలో ఎన్నడూ లేనిదాన్ని తెచ్చి పోసింది.

గడప దాటిన బాధ్యత అనే ఆలోచన మనకు పాతదే: వైదిక సంప్రదాయం సత్కర్మలను ఇష్టం, పూర్తం అని విభజించింది. యజ్ఞాదులు ఇష్టం, చెరువులు, బావులు తవ్వించడం వంటి లోకోపకార కార్యాలు పూర్తం. తెలుగువారు తటాకాన్ని, మనిషి పేరు నిలిపే ఏడింటిలో, అంటే సప్తసంతానాలలో, ఒకటిగా లెక్కించారు. నీటిలో మలినాలను, విషాన్ని వేయరాదని మనుస్మృతి నాలుగో అధ్యాయం నిషేధించింది కూడా. కానీ అదే సంప్రదాయం శుద్ధి పేరుతోనే కొందరిని అంటరానివారంటూ చెరువు గట్టు ఎక్కనివ్వలేదు. 1927లో మహారాష్ట్రలోని మహాడ్‌లో చవదార్ చెరువు నీటిని తాగి అంబేడ్కర్ ధిక్కరించింది ఆ శుద్ధినే. నేడు పూర్తధర్మాన్ని స్వీకరించేవారు ఈ ధిక్కారాన్ని కూడా స్వీకరించక తప్పదు.

ఇంట్లో ఫిల్టరు పెట్టుకోవడం తప్పు కాదు. పసిపిల్లలున్న ఇంట అది కర్తవ్యం. ఫిల్టరు వచ్చాక వీధి నల్లా గురించి అడగడం మానేయడమే తప్పు, ఎందుకంటే అడిగే స్థోమత ఉన్నవారు తప్పుకుంటే, కర్మాగారాల చుట్టూ అద్దె గదుల్లో ఉండే వలస కార్మికులకు బోరు నీరే మిగులుతుంది. రాష్ట్ర తాగునీటి పథకం మిషన్ భగీరథ తెచ్చే నదీజలాల్లో ఫ్లోరైడ్ సాధారణంగా లోతు బోర్లకంటే తక్కువే అయినా, ట్యాంకులో బోరు నీరు కలిపితే ఆ మేలు తగ్గిపోతుంది. కాబట్టి ఫిల్టరు కొన్న ప్రతి కుటుంబమూ తమ కాలనీ ట్యాంకు నీటికి ఫ్లోరైడ్ పరీక్ష చేయించమని మున్సిపాలిటీని గాని పంచాయతీని గాని అడగాలి, ఆ ఫలితాన్ని అందరూ చదివేలా ట్యాంకు దగ్గరే అంటించేవరకు వదలకూడదు.