తౌబా చేసేవారు బాకీ తీర్చాలి

అల్లాహ్ కారుణ్యానికి హద్దుల్లేవు. పాపాలు ఎన్ని చేసినా తన కారుణ్యం పట్ల నిరాశ చెందవద్దని దివ్య ఖుర్ఆన్‌లోని జుమర్ సూరాలో ఆయన అభయమిచ్చాడు. నూరు హత్యలు చేసినవాడు సైతం పశ్చాత్తాపంతో బయలుదేరి దారిలోనే మరణిస్తే, కారుణ్య దూతలే అతణ్ణి తీసుకువెళ్ళారని దైవప్రవక్త (స) తెలిపారు.

అయితే ఈ ఆశతో సాటి మనిషి హక్కును తేలిగ్గా తీసుకోరాదు. పాపాన్ని మానుకోవడం, చేసినదానికి కుమిలిపోవడం, మళ్ళీ చేయనని నిశ్చయించుకోవడం - ఇవి తౌబాకు ధర్మవేత్తలు చెప్పిన మూడు షరతులు. మనిషి హక్కు కాజేసిన పాపానికి నాలుగోది కూడా ఉంది: దాన్ని తిరిగి చెల్లించాలి, లేదా అతనిచేత క్షమింపజేసుకోవాలి.

2024 మే 7న బాచుపల్లిలో భారీ వర్షానికి నిర్మాణంలో ఉన్న అపార్ట్‌మెంటు గోడ కూలి ఏడుగురు చనిపోయారు. ఒడిశా, ఛత్తీస్‌గఢ్‌ల నుంచి పొట్ట చేతబట్టుకొని వచ్చిన కూలీల కుటుంబాలవి. మృతుల్లో ఒక పసివాడూ ఉన్నాడు. తప్పెవరిదో తేల్చడం న్యాయస్థానం పని. మనం గ్రహించవలసింది వేరు. అలాంటి కూలీకి బాకీపడి, రేపిద్దాంలే అనుకున్నవారికి ఆ రేపు దొరకదు. ఇక వారసులను వెతికి చెల్లించవలసిందే.

చెమట ఆరకముందే కూలి ఇవ్వమన్నారు ప్రవక్త (స). నమాజులు, ఉపవాసాలు వెంట తెచ్చుకున్నా, ఇతరుల సొమ్ము తిన్నవాడు ప్రళయదినాన దివాలా తీస్తాడని హెచ్చరించారు.

సోదర సోదరీమణులారా! మన మేస్త్రీకి, పనిమనిషికి ఇవ్వవలసినదేమైనా ఉందా? ఈ రోజే ఇచ్చేద్దాం. అల్లాహ్ మన తౌబాను స్వీకరించుగాక! ఆమీన్.