ఇంటి కచేరి

2020 మార్చిలో కరోనా వ్యాధిచే దేశమంతట రాకపోకలు నిలిచినప్పుడు, మహానగరముల ఉద్యోగములు మన బందరు, గుడివాడ ప్రాంతముల యిండ్లకును వచ్చి చేరినవి. కొన్ని యిండ్లలో నొక గది నేటికిని కచేరిగనే యున్నది. ఆ గదికి మంచి కుర్చీ కొనుట విలాసమా, విధియా?

సుఖము సోమరితనమునకు తోబుట్టువని మనలో ననేకుల నమ్మకము. కాని ధ్యానించువాని పీఠము మిక్కిలి యెత్తుగాను, మిక్కిలి పల్లముగాను ఉండరాదని భగవద్గీత యారవ యధ్యాయము విధించుచున్నది. మోక్షమునకే పీఠపు టెత్తు చూడవలసియుండగా జీతమునకు చూడనక్కరలేదా? ఇటలీ వైద్యుడు రామజ్జీని 1713లో లేఖకుల రోగములకు మూడు కారణములు చెప్పెను: ఎడతెగక కూర్చుండుట, చేతికి విశ్రాంతి లేమి, మనశ్శ్రమ. కంప్యూటరు ముందు కూర్చుండువానికిని ఆ మూడే శత్రువులు. కావున పాదములు నేలకానెడు కుర్చీ, కంటి యెత్తున తెర, ప్రక్కనుండి వెలుతురు, గాలి వచ్చు కిటికీ, నడుమ నడుమ లేచి నడచుట అవసరములే.

అయితే మన సీమలో ఇంట పనిచేయుట క్రొత్త గాదు. పెడన నేతగాడు గుంటమగ్గములో కాళ్లు దింపి యింటనే నేయుచున్నాడు. గిలకలదిండి జాలరి చినిగిన వలను నేలపై కూర్చుండి గంటలకొలది బాగుచేసికొనును. వారి నడుమునొప్పిని గూర్చి మన మెన్నడు విచారించితిమి? అంత దూరమేల? కుమారుని గదిలో చల్లని గాలి యంత్రము. వంటయింటి యుక్కలో తల్లి! జీతము తెచ్చు దేహమునకే నడుము కలదని తలచుట న్యాయమగునా?

కుర్చీ కొనదలచిన గృహస్థుడు తప్పక కొనుగాక. ఆనాడే వంటగట్టు ఇల్లాలి యెత్తునకు సరిపడియున్నదో లేదో కూడ చూచుగాక. శ్రమించు ప్రతి దేహమునకును పంచినప్పుడే సుఖము ధర్మమగును.