బాటసారి మూట, అపరిగ్రహం

కాలినడకన దూరాలు పోయేవాడు ఏది మోయవచ్చు, ఏది మోయకూడదు అన్న ప్రశ్న పైకి ప్రయాణ సౌకర్యానికి సంబంధించినదిగా కనిపిస్తుంది గాని, భారతీయ సన్న్యాస సంప్రదాయాలు మొదటినుంచీ దానిని ధర్మప్రశ్నగానే స్వీకరించి, సూది మొదలుకొని చీపురు దాకా ఒక్కొక్క వస్తువును విచారించి, ఒకదానికి అనుమతినిచ్చి మరొకదానిని నిషేధించాయి. ఇల్లు విడిచినవాడికి కూడా నీళ్లు తాగడానికీ, చలి ఆపుకోవడానికీ ఏదో ఒకటి చేత ఉండక తప్పదు కనుక, సర్వమూ త్యజించాననే మాటకూ చేతిలోని ఆ కొద్దిపాటి సామానుకూ పొత్తు ఎలా కుదురుతుందన్నదే ఆ విచారణలన్నిటికీ మూలం.

వీపు సంచి తగిలించుకొని అడవులూ కొండలూ నడిచే నేటి పాదచారులలోనూ ఇలాంటి విచారణే వేరొక రూపంలో సాగుతున్నది. ఆహారం, నీరు, ఇంధనం మినహాయించగా మిగిలిన సామాను బరువు సుమారు నాలుగున్నర కిలోలకు మించరాదనే 'అల్ట్రాలైట్' పద్ధతిని పాటించేవారు టూత్‌బ్రష్ పిడిని సగానికి కోసి, స్టీలు చెంచా మాని టైటానియం చెంచా కొని, ప్రతి వస్తువునూ గ్రాముల త్రాసులో తూచి మరీ సంచిలో పెడతారు. ఈ పద్ధతికి పేరు పుట్టకముందే, 1955లో ఎమా గేట్‌వుడ్ అనే 67 ఏళ్ల అమెరికన్ వృద్ధురాలు తన చేత్తో కుట్టుకున్న సంచి ఒకటి భుజాన వేసుకొని, వానకు స్నానాలగది తెర ఒకటి కప్పుకొని, 3,000 కిలోమీటర్లకు పైబడిన అపలాచియన్ కాలిబాటను ఒంటరిగా నడిచి ముగించింది. ఆమె ధైర్యమూ నిరాడంబరతా నిస్సందేహంగా గౌరవించదగినవే. అయితే సంచి తేలికైనంత మాత్రాన మనసు తేలికవుతుందా, అంటే బరువు తగ్గించుకోవడమూ మమకారం తగ్గించుకోవడమూ ఒకటేనా అన్నది వేరే ప్రశ్న, దానికి త్రాసు సమాధానం చెప్పలేదు.

జైన దర్శనానికి ప్రమాణగ్రంథమైన తత్త్వార్థసూత్రంలో ఉమాస్వాతి పరిగ్రహాన్ని, అంటే వస్తువులను తనవిగా పట్టుకొని ఉండడాన్ని, 'మూర్ఛ'గా నిర్వచించాడు. ఇక్కడ మూర్ఛ అంటే స్పృహ తప్పడం కాదు, వస్తువు మీద 'ఇది నాది' అనే మైకం. యోగసూత్రాల మీద వ్యాసభాష్యం అపరిగ్రహాన్ని వివరిస్తూ, వస్తువులను సంపాదించడంలో, కాపాడుకోవడంలో, అవి నశించడంలో, వాటికి తగులుకోవడంలో, వాటి మూలంగా జరిగే హింసలో ఉన్న దోషాలను గుర్తించి వాటిని స్వీకరించకపోవడమే అపరిగ్రహమన్నది. గోచీని ఎలుకల నుంచి కాపాడుకోవడానికి పిల్లిని, పిల్లి పాల కోసం ఆవును, ఆవు కోసం సంసారాన్ని తెచ్చుకున్న సన్న్యాసి కథ తెలుగువారి నోట 'కౌపీన సంరక్షణార్థం' అనే మాటగా నిలిచిపోవడానికి కారణం ఈ దోషాలలో కొన్ని అందులో ఒకదాని వెంట ఒకటి కనిపించడమే కావచ్చు. ఈ లెక్కన, పోతుందేమోనని పదేపదే తడిమి చూసుకునే టైటానియం చెంచా, ఎవరికైనా ఇచ్చివేయగల ఇత్తడి చెంబు కంటె బరువైనది. కాని ఈ మూర్ఛ నిర్వచనాన్ని ఇంతటితో వదిలిపెట్టితే ప్రమాదం లేకపోలేదు, ఎందుకంటే మైకం లోపలి విషయమే అయినప్పుడు బండెడు సామాను వెంట వేసుకొని కూడా తనకు వాటిమీద మమకారం లేదని ఎవరైనా చెప్పుకోగలరు. కనుకనే ఈ సంప్రదాయాలు మనసును మాత్రమే నమ్ముకోక మూటను కూడా విప్పి చూశాయి.

అలా విప్పి చూసిన తీరును బౌద్ధ సంఘ నియమాల సంపుటమైన వినయపిటకంలో చాలా దగ్గరగా చూడవచ్చు. అందులోని మహావగ్గ ప్రకారం, రాజగృహం నుంచి వైశాలికి పోయే దారిలో బుద్ధుడు తలల మీద, భుజాల మీద, నడుములకు చీవరాల, అంటే భిక్షువస్త్రాల, మూటలు కట్టుకొని వస్తున్న భిక్షువులను చూసి, వీరికి ఇంత త్వరలోనే వస్త్రసమృద్ధి వైపు మనసు మళ్లిందే అని విచారపడ్డాడు. అయినా వెంటనే నియమం చేయలేదు. వైశాలిలోని గోతమక చైత్యం వద్ద, మాఘ ఫాల్గుణాల సంధిలో మంచు కురిసే ఎనిమిది రాత్రులలో ఒకనాడు ఆరుబయట ఒకే వస్త్రంతో కూర్చున్నాడు. తొలిజాము గడిచాక చలివేస్తే రెండవ వస్త్రం, నడిజాము గడిచాక మూడవది, తెల్లవారుతుండగా నాలుగవది కప్పుకొని, సుకుమారంగా పెరిగి చలికి ఓర్వలేని కులపుత్రులు కూడా ఇంతమాత్రంతో గడపగలరని తెలుసుకొని, అప్పుడు రెండు పొరల సంఘాటి ఒకటి, ఒంటిపొర ఉత్తరాసంగం ఒకటి, ఒంటిపొర అంతరవాసకం ఒకటి, అంటే పై దుప్పటి, ఉత్తరీయం, కట్టుపంచె అనే మూడు చీవరాలను అనుమతించాడు. నాలుగు పొరలు మూడు వస్త్రాలుగా కుదరడంలోని నేర్పు ఒక ఎత్తు, తాను ఓర్చుకోగలిగినంత కాక బలహీనుడు ఓర్చుకోగలిగినంతనే కొలతగా తీసుకోవడం మరొక ఎత్తు. తపోదీక్షకు పేరుపొందిన వ్యక్తి అందరికంటె చలికి వణికేవాడిని తలచుకొని హద్దు గీయడం ఈ కథనంలోకెల్లా గొప్ప విషయం.

మూడు చీవరాలు, భిక్షాపాత్ర, మంగలికత్తి, సూది, నడుముకట్టు, నీళ్లు వడకట్టే గుడ్డ కలిపి అష్టపరిష్కారాలు, అంటే భిక్షువు వెంట ఉండదగిన ఎనిమిది ఉపకరణాలు అయ్యాయి. అదనపు చీవరాన్ని గాని పాత్రను గాని పది రోజులకు మించి ఉంచుకోరాదు. నెయ్యి, వెన్న, నూనె, తేనె, బెల్లం వంటి ఔషధాలు ఏడు రోజులు దాటి దాచరాదు. పాత్రకు అయిదు అతుకులైనా పడకముందే కొత్తదానిని సంపాదించినవాడు దానిని సంఘానికి అప్పగించాలి; పెద్దల నుంచి చిన్నవారి వరకు ఒక్కొక్కరు దానిని తీసుకొని తమ పాత్రను పక్కవారికి ఇస్తూ పోగా, చివరకు ఎవరూ కోరుకోని పాత్ర ఏది మిగిలితే అది ఆ తప్పుచేసిన భిక్షువుకు దక్కుతుంది, అది పగిలేదాకా దానినే వాడుకోవాలి. ఇంతకంటె సున్నితంగా మమకారానికి వైద్యం చేసిన శిక్ష అరుదు.

జైనులలో దిగంబర ముని వెంట ఉండేవి ఇంకా తక్కువ: నెమలి పింఛాల కుంచె అయిన పింఛిక, కమండలువు, చదువుకోవడానికి శాస్త్రగ్రంథం. అనంతపురం జిల్లా కొనకొండ్లతో సంబంధమున్నవాడని పలువురు చరిత్రకారులు భావించే కుందకుందాచార్యుడు ముని నువ్వుగింజ పొట్టంత వస్తువునైనా చేపట్టరాదని ఒకచోట కఠినంగా శాసించి, మోక్షగామికి దేహం కూడా పరిగ్రహమే అని మరొకచోట సూచించి, మూర్ఛను పుట్టించని కొద్దిపాటి ఉపకరణాన్ని మాత్రం అనుమతించాడు. జైనులలో రెండవ శాఖ అయిన శ్వేతాంబరులు ఇదే మూర్ఛ నిర్వచనాన్ని ఆధారం చేసుకొని, సంయమానికి తోడ్పడే వస్త్రమూ పాత్రా పరిగ్రహం కావని వాదించారు. ఆ వాదం నేటికీ తెగలేదు. కాని కూర్చోబోయే చోట, పుస్తకం పెట్టబోయే చోట ఉన్న సూక్ష్మజీవులను నొప్పించకుండా పక్కకు తొలగించే కుంచె మాత్రం ఏదో ఒక రూపంలో రెండు శాఖలలోనూ ఉన్నది. దిగంబరులు నెమళ్లు తమంతట తాము రాల్చిన పింఛాలనే ఏరి కడతారు; దుమ్ము పట్టకపోవడం, చెమట పీల్చకపోవడం, మృదుత్వం, సౌకుమార్యం, తేలికదనం అనే అయిదు గుణాలను మూలాచారమనే ఆచారగ్రంథం అందులో గుర్తించింది. తేలికదనం ఇక్కడ మోసేవాడి భుజానికి సుఖమని కాక, కింద ఉన్న చీమకు దెబ్బ తగలకూడదని చెప్పిన గుణం.

బౌద్ధుల వడగుడ్డ కూడా ఈ జాతిదే. నీటిలోని పురుగులను మింగకుండా ఉండడానికి ఏర్పడిన ఈ చిన్న గుడ్డముక్కను గురించి వినయపిటకంలోనిదే అయిన చుల్లవగ్గ ఒక విషాద వృత్తాంతం చెబుతుంది. కోసలదేశంలో ఇద్దరు భిక్షువులు కలిసి నడుస్తుండగా ఒకడు అనాచారం చేశాడు, రెండవవాడు మందలించాడు, మొదటివాడు పగపట్టాడు. తరువాత దప్పికతో అలమటిస్తున్న రెండవవాడు వడగుడ్డ అడిగితే మొదటివాడు ఇవ్వలేదు, వడకట్టని నీరు తాగనొల్లక అతడు ప్రాణం విడిచాడు. అది విన్న బుద్ధుడు, దారిలో అడిగినవాడికి వడగుడ్డ ఇవ్వకపోవడం తప్పని, అది లేకుండా ప్రయాణం కట్టరాదని, లేనప్పుడు సంఘాటి కొంగునే వడగుడ్డగా సంకల్పించుకోవాలని నియమించాడు. సా.శ. 671లో చైనా నుంచి బయలుదేరి నలందలో చాలాకాలం చదువుకున్న ఇత్సింగ్ కూడా తన లెక్క ప్రకారం భిక్షువుకు ఉండే ఆరు ఉపకరణాలలో దీనిని చేర్చి, నీటిని పరీక్షించే పద్ధతినీ, వడగుడ్డలో చిక్కిన ప్రాణులను తిరిగి నీటిలోకే విడవాలనే నియమాన్నీ శ్రద్ధగా వివరించాడు.

పరిగ్రహమంటే వస్తువు ఉండడమా, మమకారం ఉండడమా అన్న పాత వివాదంలో ఈ వృత్తాంతం మూడవ దారి చూపుతుంది. వడగుడ్డ ఇవ్వని భిక్షువు మూటలో అనుమతి లేని వస్తువు ఉన్నట్టు కథ చెప్పదు. బహుశా ఆ గుడ్డ మీద అతడికి ప్రత్యేకమైన మమకారమూ లేదు, ఉన్నదల్లా తోటివాడి మీద కోపం. అయినా ఆ క్షణంలో అది పూర్తిగా అతడి సొత్తు అయిపోయింది. వస్తువును సొత్తుగా మార్చేది దాని బరువు కాదు, దానిమీది ప్రీతి కూడా కాదు, అవసరమున్నవాడి చేతికి అందకుండా దానిని నిలిపివేయడం.

ఈ తేలికపాటి మూటను మెచ్చుకోవడానికి బలమైన ఆక్షేపణ ఒకటి ఉన్నది. భిక్షువు మూట అంత తేలికగా ఉండడానికి కారణం అతడి వంటకుండనూ, ధాన్యాన్నీ, ఇంటి కప్పునూ ఊళ్లు మోస్తుండడమే కదా అన్నది. ఈ మాట నిజమే, దాచవలసిన పని లేదు. విశాఖపట్నానికి చేరువలో సముద్రాన్ని చూస్తూ ఉన్న తొట్లకొండ బౌద్ధ ఆరామంలో రాతిలో తొలిచిన నీటితొట్లు నేటికీ కనిపిస్తాయి. నాగార్జునకొండ శాసనాలలో ఇక్ష్వాకు రాజకుటుంబపు స్త్రీలూ, బోధిసిరి వంటి ఉపాసికలూ ఇచ్చిన దానాలు నమోదై ఉన్నాయి. నడిచేవాడు మోయని బరువును నిలిచి ఉన్నవారు మోశారు. అయితే భిక్షువు ఆ సంగతిని మరచిపోకుండా చేసేది అతడి పాత్రే: వండుకోవడానికి పనికిరాక, మరునాటికి దాచడానికి అనుమతి లేక, ప్రతి ఉదయమూ ఒకరి గడప ముందు నిలబెట్టడానికే అది ఉన్నది. నేటి పాదచారి సంచి ఎవరి మీదా ఆధారపడకుండా ఉండడానికి సర్దినది కాగా, భిక్షువు మూట ఎవరో ఒకరి మీద ఆధారపడక తప్పకుండా ఉండడానికి సర్దినది. రెండూ తేలికే, కాని వాటి దిశలు వేరు, ఆ రెండవ దిశలోని వినయం ధర్మదృష్టికి ఎక్కువ విలువైనది.

గృహస్థుడికి ఈ మార్గం పూర్తిగా మూసుకుపోలేదనడానికి, ఏటా ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుంచి అయ్యప్ప దీక్షతో శబరిమల వెళ్లేవారు తలకెత్తుకునే ఇరుముడి సాక్ష్యం. రెండు అరల ఈ మూటలో ముందు భాగం స్వామికి, వెనుక భాగం దారిబత్తేనికి, అంటే దారిలో తినవలసిన తిండిసామానుకు. ఎరుమేలి నుంచి అడవిదారిన అళుద నది, కరిమల దాటుకుంటూ నడిచినవారికి వెనుక అర రోజురోజుకూ తరిగిపోయేది. ముందు అరలో నీరు తీసి నెయ్యి నింపి బిగించిన కొబ్బరికాయ మాత్రం అలాగే ఉండేది. పంప వరకు వాహనాలు వచ్చాక వెనుక అర అవసరం చాలావరకు తగ్గింది గాని, ఇరుముడి లేనిదే పదునెనిమిది మెట్లు ఎక్కరాదన్న నియమం మారలేదు. ఆ నేతి కొబ్బరికాయ మోయడానికి సులువైనది కాదు, తన వాడుకకు పనికివచ్చేది కాదు, అయినా ప్రయాణమంతా దానికోసమే. సన్నిధానంలో ఆ కాయను పగలగొట్టి నెయ్యిని అభిషేకానికి ఇచ్చి, చిప్పను హోమగుండంలో వేసిన తరువాత, తిరిగి అందిన అభిషేకపు నెయ్యిని దీక్షాపరులు దారిలో తామే వాడేసుకోక ఇంటికి తెచ్చి, కొండకు రాలేకపోయిన ముసలివారికీ ఇరుగుపొరుగుకూ పంచుతారు.