సూర్యక్షోభము, నక్షత్రదోషము

తమ కుమారునికి జూచిన కన్యది మూలానక్షత్రమని సంబంధము మానుకొన్న మిత్రులొకరు, "సూర్యునియందు బుట్టిన క్షోభము భూమిని దాకునని శాస్త్రజ్ఞులే యొప్పుకొనుచుండగా, గ్రహబలము లేదని మీరింకను వాదింతురా?" యని మమ్మడిగిరి. ఈ ప్రశ్న త్రోసివేయదగినది కాదు. సంస్కారప్రియులమగు మేము ఇట్టివానికి నవ్వునే యుత్తరముగా నిచ్చుట కలవాటుపడితిమి. నవ్వు వాదము కాదు.

1859 సెప్టెంబరు 1వ తేదీని రిచర్డ్ కారింగ్టన్ అను ఆంగ్ల జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు సూర్యబింబమందలి మచ్చలను జిత్రించుచుండగా, ఒక మచ్చలగుంపుపై రెండు తీక్ష్ణమైన వెలుగులు పొడచూపెను. వెంటనే యతడు సాక్షికొఱకు బరుగెత్తెను. నిమిషములో మరలివచ్చునప్పటికే యవి క్షీణించుచుండెను. అదృష్టవశమున హాడ్జ్‌సన్ అను వేఱొకడును తన యింటినుండి దానిని జూచియుండెను. సుమారు 18 గంటలకు భూమిపై నయస్కాంతసూచులు చలించెను. తంతితీగెలనుండి నిప్పురవలు రాలెను. ధ్రువప్రాంతముల జ్యోతి ఉష్ణమండలమున గానవచ్చెను. బొంబాయిలోని కొలాబా వేధశాలయందును ఆ క్షోభము నమోదైనది. ఇంత చేజిక్కినను కారింగ్టన్, రెండు సంగతులు ఒక్కమాఱు వెంటవెంట జరిగినంతమాత్రమున ఒకదానికొకటి కారణమని తొందరపడరాదనెను. మా యభిప్రాయమున నాతని కీర్తికి ఆ వెలుగును జూచుటకంటె ఈ నిగ్రహమే పెద్ద యాధారము.

మా పక్షమువారి తప్పును జెప్పకుండుట న్యాయము కాదు. 1892లో లార్డ్ కెల్విన్ అంతటివాడు రాయల్ సొసైటీ యధ్యక్షుడుగా, భూమిపై నయస్కాంతపు తుపానులకు సూర్యుడు కారణము కాజాలడని తీర్పు చెప్పెను. సూర్యశక్తి నలుదిక్కుల కొక్కరీతి వ్యాపించునని యాతని లెక్క. నిజమునకు ద్రవ్యము అయస్కాంతక్షేత్రముతో గూడ మేఘమై విడివడి యొక దిక్కునకు వచ్చును. 1971లో కృత్రిమోపగ్రహమందలి పరికరము దానిని స్పష్టముగా జూపినది. విచారింపక కాదనుటయు మూఢత్వమే.

నేడు బింబమును గప్పి దాని చుట్టునున్న మందప్రభను జూచు సాధనములతో ఆ మేఘము బయలుదేరుట కనిపెట్టి, వేగము గట్టి, ఒకటి రెండు దినములు ముందుగా జెప్పుచున్నారు. కాని ముఖ్యమైనది యప్పటికిని దెలియదు. మేఘమందలి అయస్కాంతక్షేత్రము దక్షిణముఖమైనచో భూమి క్షేత్రముతో గలసి శక్తి లోనికి వచ్చును. ఉత్తరముఖమైనచో చాలవఱకు దొలగిపోవును. భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరమున నున్న యంత్రములను అది దాటునప్పుడు గాని యీ సంగతి తేలదు. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోటనుండి వెడలిన ఆదిత్య-ఎల్1 ఉన్నదక్కడనే. అటుపిమ్మట మిగులు వ్యవధి సాధారణముగా గంటలోపే.

ఇట్టి సందేహముతో హెచ్చరింపవచ్చునా? 1989 మార్చి 13న కెనడాలోని క్విబెక్‌లో విద్యుత్తు నిమిషమున్నరలో గూలి, 60 లక్షల జనులు సుమారు 9 గంటలు చీకటిలో నుండిరి. చెప్పి నవ్వులపాలగుట అంతకంటె మేలు. అయితే తెలిసినది వేఱు, ఊహించినది వేఱు అని విడదీసి చెప్పవలయును. చెప్పిన గడియప్రక్కన వచ్చిన గడియను వ్రాయవలయును.

ఈ రెండవ లెక్క మా మిత్రుని సిద్ధాంతిగారి యొద్ద లేదు. సూర్యమేఘము తీగెలను, ఉపగ్రహములను, రేడియోను దాకును. పుట్టిన నక్షత్రము నడుగదు. క్విబెక్ చీకటి అన్ని రాసులవారికి నొక్కటియే. ఆ కన్యను వేఱొకరు కోడలిగా జేసికొని, ఆ మామగారు మనుమలను మునిమనుమలను జూచినచో, సిద్ధాంతిని లెక్క యడుగువా రెవ్వరు?

మిత్రులు దీనికి బదులు చెప్పలేదు.