ముందు అడుగు పలక, తరువాత రంగు

వాక్యభాగము: 2 రాజులు 12:4–15, లూకా 14:28–30



మందిరమును బాగుచేయుమని యోవాషు రాజు యాజకులకు సెలవిచ్చెను. అతని యేలుబడిలో 23వ సంవత్సరము వచ్చినను పని జరుగలేదు. అప్పుడు యెహోయాదా పెట్టె తెచ్చి, మూతకు రంధ్రము చేసి బలిపీఠము దగ్గర ఉంచెను. అందులో పడిన ద్రవ్యము వడ్రంగులకు, తాపీవారికి, మ్రానులకు, రాళ్లకు పోయెనుగాని వెండి పాత్రలకు పోలేదు. పని ముగిసిన తరువాత మిగిలిన ద్రవ్యముతోనే పాత్రలు చేయించిరని 2 దినవృత్తాంతములు 24వ అధ్యాయము తెలుపుచున్నది. ఈ క్రమమును మనము నేర్చుకొనవలెను.

మన వరంగల్ సీమ చెరువుల సీమ. కాకతీయుల నాటి పాకాల చెరువు క్రింద నేటికిని పొలములు పండుచున్నవి. అట్టి చెరువు ఒడ్డున ఏండ్ల తరబడి విడువబడిన పాత మోటారు పడవను కొద్ది సొమ్ముతో బాగుచేయదలచిన బీద కుటుంబము ఏమి చేయవలెను? రంగు డబ్బా కొనుట మొదటి పని కాదు. చిన్న సుత్తితో అడుగు పలకలను, ఇంజను తగిలించు వెనుక పలకను తట్టి చూడవలెను. గట్టి కర్ర గణగణమనును. కుళ్లిన కర్ర మందముగా పలుకును, సూది గ్రుచ్చగా దిగబడును. కుళ్లు అంతటను వ్యాపించినయెడల ఆ పడవను విడుచుటయే జ్ఞానము. గోపురము కట్టగోరువాడు ముందుగా కూర్చుండి లెక్క చూచుకొనవలెనని ప్రభువు చెప్పెను గదా.

పలకలు బాగుగా నున్నయెడల ఇంజను చూడవలెను. నిలువయున్న పెట్రోలు జిగురై సన్నని దారులను మూసివేయును. దానిని పారబోసి ట్యాంకు కడుగవలెను. ఇంజనును చల్లార్చు నీటి పంపులోని రబ్బరు చక్రము గట్టిపడి విరుగును. అది చిన్న సామానే. మార్చనియెడల పెద్ద ఇంజను కాలిపోవును. తరువాత ప్రాణరక్షక చొక్కాలు కొనవలెను. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర వరద గోదావరిలో యాత్రికుల పడవ మునిగి అనేకులు మరణించిరి. నీటిమీద పిల్లల ప్రాణము మన చేతిలో నుండును. ఒడ్డు దగ్గర ఖాళీ పడవను నడిపి చూచిన పిమ్మటనే మనుష్యులను ఎక్కింపవలెను. రంగు చివరిది.

1986లో గలిలయ సముద్రపు నీరు తగ్గినప్పుడు, బురదలో సుమారు 27 అడుగుల పాత పడవ బయలుపడెను. అది ప్రభువు కాలమునాటిదని పండితులు చెప్పుదురు. ప్రభువు అందులో ఎక్కెనని చెప్పుటకు ఆధారము లేదు. అయితే దానిలో పది రకములకు తక్కువ కాని కర్ర ఉన్నది. కొన్ని మ్రానులు వేరొక పడవలో వాడినవి. దొరికిన ముక్కతో అతుకు వేయుచు, ఎవరో బీద జాలరులు దానిని ఎన్నో ఏండ్లు నడిపిరి. అతుకుల పడవయని వారు సిగ్గుపడి విడువలేదు.

ప్రియులారా, క్రిస్మసుకు ముందు గుడికి సున్నము వేయుదుము, రంగు కాగితములు కట్టుదుము. అయితే గట్టు తగవువలన రెండేండ్లుగా మాటలాడని అన్నదమ్ములు మన సంఘములో లేరా? అది అడుగు పలక. ఆ కుళ్లును విడిచి సున్నము వేసినయెడల మనము దరి చేరము. దానిని బాగుచేయుటకు సొమ్ము అక్కరలేదు. ఒకడు ముందుగా లేచి మరియొకని గడప తొక్కవలెను.

ఈ నెలలో ఆ పలకను తట్టి చూచుటకు ప్రభువు మనకు ధైర్యము దయచేయును గాక. ఆమేన్.